మోకాలు కాదు, బూటు

మైదానం మధ్యలో ఆడేవాడి పేరు పేపర్లో రావడం కష్టం. గోల్ కొట్టినవాడి పేరు వస్తుంది. గోల్ ఆపినవాడి పేరు వస్తుంది. రిఫరీతో గొడవపడి బయటికి పోయినవాడి పేరూ వస్తుంది. బంతిని అందుకుని, చుట్టూ ఒకసారి చూసి, సరైన మనిషికి అందించేవాడి గురించి రాయడానికి రెండో డివిజన్ మ్యాచ్ రిపోర్టులో చోటుండదు. పదమూడేళ్లు కరీంనగర్‌లో ఒక తెలుగు పత్రికకు, ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు మస్కట్‌లో ఒక ఇంగ్లిష్ దినపత్రికకు ఆటల వార్తలు రాశాను. మిడ్‌ఫీల్డర్ల గురించి నేను రాసిన వాక్యాలన్నీ ఏరినా ఒక పేజీ నిండదు. అందులో ఒక వాక్యం తప్పు రాసి, ఒక అమెరికన్ ఆటగాడి చివరి సీజన్‌ను దాదాపు పోగొట్టాను.

అతను మా ఇంటికి దగ్గర్లో, మస్కట్ శివార్లలో సీబ్ వైపున్న ఒక చిన్న క్లబ్బుకు ఆడేవాడు. ఎనిమిదో నంబరు చొక్కా. వయసు ముప్ఫై నాలుగు. పొట్టిగా, బిగువుగా ఉండేవాడు. నడినెత్తిన జుట్టు పలచబడింది. నేను జట్టు వివరాలకోసం ప్రాక్టీసు దగ్గరికి వెళ్లి, అలవాటు ప్రకారం తెలుగులో రాసుకుంటుంటే, పక్కన నీళ్లు తాగుతూ నా నోటుపుస్తకంలోకి తొంగిచూశాడు.

"ఇది అరబిక్ కాదు కదా?"

"కాదు. తెలుగు."

"అన్నీ గుండ్రంగా ఉన్నాయి. బంతులు దొర్లించినట్టు."

అలా మొదలైంది మా పరిచయం. మైదానం గేటు ఎదుట ఒక టీ కొట్టు ఉంది. ప్రాక్టీసు అయ్యాక అక్కడ చిక్కటి కరక్ చాయ్ తాగుతూ కూర్చునేవాళ్లం. అతని ఆట జీవితం మొత్తం నాకు ఆ ప్లాస్టిక్ కుర్చీల్లోనే, విడతలు విడతలుగా తెలిసింది.

ఫ్రిజ్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉన్న చిన్న ఊరు అతనిది. కాలేజీలో బాగా ఆడాడు. పెద్ద లీగ్ వాళ్లెవరూ పిలవలేదు. మూడో స్థాయి లీగ్‌లో ఒక క్లబ్ పిలిచింది. ఆ క్లబ్ ఆటగాళ్లకు గదులిచ్చేది కాదు. ఊళ్లో ఆట మీద ఇష్టమున్న కుటుంబాలు ఒక్కొక్కరిని ఇంట్లో పెట్టుకునేవి. అతను ఒక రిటైర్డ్ దంత వైద్యుడి ఇంట్లో, పెళ్లయి వెళ్లిపోయిన కూతురి గదిలో, గులాబీరంగు గోడల మధ్య రెండేళ్లున్నాడు. ఉదయం తన ప్రాక్టీసు, మధ్యాహ్నం పిల్లలకు కోచింగ్. మ్యాచ్ వేరే ఊళ్లో ఉంటే పదకొండు గంటలు బస్సులో పోవడం, ఆడి, మళ్లీ అదే బస్సెక్కడం.

"ఒకచోట బేస్‌బాల్ మైదానంలో ఆడాం. ఒక మూల గడ్డి ఉండదు, మట్టి. కార్నర్ కొట్టాలంటే ఆ మట్టిలో నిలబడాలి. ఇంకోచోట అమెరికన్ ఫుట్‌బాల్ గీతలు పసుపురంగులో ఉంటాయి, మా గీతలు తెల్లగా ఉంటాయి. బంతి బయటికి పోయిందో లేదో లైన్స్‌మన్‌కే తెలియదు" అని నవ్వాడు. "ఇక్కడికొచ్చిన మొదటిరోజు మైదానం చూసి ఫోటో తీసి అమ్మకు పంపాను. ఒకే ఆటకు ఒకే రకం గీతలు. నా కోసమే గీసినట్టు అనిపించింది."

పన్నెండేళ్లలో తొమ్మిది క్లబ్బులు. వాటిలో మూడు మూతపడ్డాయి. ఒకటి మూసేసిన సంగతి ఈమెయిల్లో తెలిసింది. ఒకటి, ప్రాక్టీసుకు వెళితే గేటుకు తాళం ఉంది. మూడోదాన్ని వేరే నగరంవాళ్లు కొనుక్కున్నారు, ఆటగాళ్లను మాత్రం తీసుకోలేదు. సీజన్ లేని నెలల్లో గిడ్డంగిలో పార్సిళ్లు కట్టాడు. ఒక వేసవి ఫిన్లాండ్‌లో ఆడాడు. పాత జట్టు మిత్రుడి ద్వారా ఒమన్ వచ్చాడు. ఇవన్నీ చెప్పేటప్పుడు అతని గొంతులో ఫిర్యాదు ఉండేది కాదు. దంత వైద్యుడి భార్య చేసిపెట్టిన ఆపిల్ కేకు దగ్గర మాత్రం కాస్త ఆగేవాడు.

అతనికి ఒకే ఒక్క కోరిక ఉండేది. అది నాకు మొదటి సంవత్సరమే చెప్పాడు.

"ఏ క్లబ్బులోనూ నా చివరి మ్యాచ్ చివరిదని తెలిసి ఆడలేదు. ఆడేశాక ఎప్పుడో తెలిసేది, ఓహో అదే చివరిదన్నమాట అని. ఆట మానేసేటప్పుడైనా ఇదే చివరిదని తెలిసి మైదానంలోకి దిగాలి. దానికి ఒక పూర్తి సీజన్ కావాలి, ముందే చెప్పి మొదలుపెట్టే సీజన్."

రెండో ఏడాది చివర్లో మా వైపు క్లబ్ అతన్ని వద్దనుకుంది. అతని చోట గోల్స్ కొట్టే కుర్రాడెవరినైనా తెచ్చుకుంటామన్నారు. అదే సమయంలో సరిహద్దు ఊరు బురైమిలో ఒక క్లబ్ ముదీర్, అంటే మేనేజరు, ఫోన్ చేశాడు. వచ్చే సీజన్‌కు అనుభవమున్న మిడ్‌ఫీల్డర్ కావాలని. మాటలు దాదాపు కుదిరాయి. ఇంకెక్కడినుంచీ పిలుపు లేదు. బురైమి కుదరకపోతే వీసా అయిపోతుంది, ఇంటికి వెళ్లిపోవడమే. మా వైపు క్లబ్బుకు మిగిలిన కొద్ది మ్యాచ్‌లతోనే ఆట ముగిసిపోతుంది, ముందే చెప్పి మొదలుపెట్టే ఆ సీజన్ లేకుండానే.

ఆ రోజుల్లోనే వచ్చింది నేను చెప్పే మ్యాచ్. ఐదింటికి మొదలైంది. చిన్న లీగ్ వార్తలు వేసే లోపలి పేజీ మా దగ్గర ఆరు యాభైకి పోవాలి. అంటే ఆట అయ్యేలోపే రిపోర్టు రాసేయాలి, చివరి స్కోరు మాత్రం ఫోన్లో చెప్పాలి. రోజువారీ పత్రికలో పనిచేసినవాడికి ఇది కొత్త కాదు. కరీంనగర్‌లో కబడ్డీ ఫైనల్ రిపోర్టు సెమీఫైనల్ నడుస్తుండగానే సగం రాసిపెట్టుకున్న రోజులున్నాయి. నేను గ్యాలరీలో అవతలి చివర కూర్చుని ల్యాప్‌టాప్ మీద వంగి ఉన్నాను. ఆట ముగియడానికి పది నిమిషాలుందనగా ఎనిమిదో నంబరు కిందపడ్డాడు. లేచాడు. కుడికాలు ఈడ్చుకుంటూ బయటికి నడిచాడు. ఇంకొకడు లోపలికి వచ్చాడు. నేను తలెత్తి చూసింది అంతే. నా వేళ్లు వాటంతటవే రాశాయి: జట్టు మధ్యభాగాన్ని నడిపిన అమెరికన్ ఆటగాడు మోకాలి గాయంతో కుంటుతూ మైదానం వీడాడు. ఆ లోటు చివరి నిమిషాల్లో కనిపించింది.

ఎవరైనా కాలు ఈడిస్తే మోకాలి గాయమని రాయడం మా చేతికి అలవాటు. కుదురైన వాక్యం. పేజీ సమయానికి పోయింది.

మూడు రోజుల తర్వాత అల్ మవాలేలో ఒక దర్జీ షాపుకు వెళ్లాను, ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి. ఆ షాపులో మిషన్ మీద కూర్చునే కడప భాయ్ సాయంత్రాలు అదే క్లబ్బులో సామాను చూసుకునేవాడు. చొక్కాలు ఉతకడం, బంతులకు గాలి కొట్టడం, బూట్లు బాగుచేయడం అతని డ్యూటీ. నన్ను చూడగానే మిషన్ ఆపాడు.

"రాండి డాక్టర్ సాబ్, రాండి. కూచోండి."

"డాక్టరేంది భాయ్, కొత్తగా?"

"మోకాలు సూడకుండానే మోకాలికి దెబ్బని రాసినారు గదా సార్. మా కడపలో పెద్ద పెద్ద డాక్టర్లు గూడా ఎక్స్‌రే తీపిచ్చి చెప్తారు. మీరు గ్యాలరీలో కూచోనే తేల్చేసినారు."

నాకు అర్థం కాలేదు. అతను టేప్ మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆ మాటలో నవ్వు లేదని అప్పుడు తెలిసింది.

"మోకాలూ లేదు, ఏం లేదు సార్. బూటు. కుడికాలి బూటు అడుగు ఊడిపాయ. అది ఊడితే మనిషి ఎట్ల నడుస్తాడు, కాలు ఈడ్సకుండా? ముందురోజు నేనే అంటిచ్చినా దాన్ని. ఒక పూట ఆరబెట్టాల. టైం లేక తొందరపడి ఇచ్చేసినా. సగం తప్పు నాది, సగం మీది. ఇంగ ఆ బురైమి ముదీర్ పేపరు సదివినాడంట. మోకాలు బాగు చేపిచ్చుకో, వచ్చే ఏడు సూద్దాం ఇన్షాల్లా అని మెసేజ్ పెట్నాడు. ఫోన్ ఎత్తడంల్యా."

"మరి ఆయన నాకు ఒక్క మాట చెప్పలేదేంది?"

"మీకు బాధయితాదంట. చెప్పొద్దన్నాడు. నేను చెప్పకుండా ఉండగలనా సార్? మూడు దినాల్నుంచీ మీ దారే సూస్తాండా."

ప్యాంటు అక్కడే వదిలేసి మైదానానికి వెళ్లాను. అతను ఒంటరిగా మైదానం చుట్టూ పరుగెడుతున్నాడు. నన్ను చూసి ఆగాడు. నేను క్షమాపణ చెప్పాను. ఇంగ్లిష్‌లో రోజూ రాసే నాకు ఆ రోజు రెండు వాక్యాలు సరిగా కుదరలేదు.

"ఎవరైనా అదే రాసేవారు" అన్నాడు అతను. "పన్నెండేళ్లలో నా గురించి రెండు వాక్యాలు వరుసగా రావడం అదే మొదటిసారి. నేను లేని లోటు కనిపించిందని రాశారు. అమ్మకు పంపాను కూడా. మోకాలి సంగతి అబద్ధమని చెప్పడానికి మళ్లీ ఫోన్ చేయాల్సొచ్చింది."

"ముదీర్‌కు చెప్పారా?"

"చెప్పాను. మోకాలు బాగాలేదని ఏ ఆటగాడు ఒప్పుకుంటాడు? మా క్లబ్ డాక్టర్ కాగితం ఇస్తానన్నాడు. వదిలించుకుంటున్న ఆటగాడికి ఏ క్లబ్ అయినా మంచి కాగితమే ఇస్తుంది, ఆయనకు ఆ సంగతి తెలియదా? నా పేరు వెతికితే పైన కనిపించేది మీ రిపోర్టే. దాని కింద ఇంకేం లేదు."

అతను కసిరి ఉంటే నాకు తేలికగా ఉండేది. కసరలేదు. నీళ్ల సీసా నా చేతికిచ్చి, ఎండలో వచ్చారు తాగండి అన్నాడు.

ఆఫీసుకు వెళ్లి మా చీఫ్ సబ్ ఎడిటర్‌ను సవరణ వేయమని అడిగాను. ఆయన మలయాళీ, నాకంటే సీనియర్, నిదానస్తుడు.

"రెండో డివిజన్‌కు సవరణా? ఆ రిపోర్టు ఎవరు చదివారయ్యా?"

"బురైమిలో ఒకాయన చదివాడు."

ఆయన పెన్ను తీశాడు. సరే, రెండు లైన్లు, గాయం మోకాలికి కాదు అని వేద్దాం అన్నాడు. అలా వేస్తే మడమకో తొడకో అనుకుంటారు, బూటని రాయాల్సిందే అన్నాను. ముప్ఫై ఐదేళ్ల సర్వీసులో బూటుకు సవరణ వేయడం ఇదే మొదలని ఆయన నవ్వాడు కానీ, రాసిచ్చింది రాసిచ్చినట్టు వేశాడు: ఫలానా మ్యాచ్‌లో ఎనిమిదో నంబరు ఆటగాడు మోకాలి గాయంతో వెళ్లాడని రాశాం, అది సరికాదు, కుడి బూటు అడుగుభాగం ఊడిపోవడంతో వెళ్లాడు, అతనికి ఏ గాయమూ లేదు, పొరపాటుకు చింతిస్తున్నాం. వెబ్‌సైట్లో కూడా దిద్దించాడు. ఆ మేలు మరచిపోలేను.

అమెరికన్ ఫోన్ చేసి పగలబడి నవ్వాడు. "నా గోల్స్ అన్నిటికీ కలిపి దొరకనంత చోటు నా బూటుకు దొరికింది!"

ముదీర్ మాత్రం అప్పటికీ ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాతి శనివారం నా కారులో ముగ్గురం బురైమి బయల్దేరాం. ముందు సీట్లో అమెరికన్. వెనక సీట్లో కడప భాయ్, షాపుకు సెలవు పెట్టి, ఒడిలో ప్లాస్టిక్ సంచితో. సంచిలో ఊడిన బూటు ఉంది.

"అది ఎందుకు భాయ్?"

"సాక్ష్యం సార్. మీ పేపర్ని నమ్మి ఒకసారి మోసపోయినాడు ఆయప్ప. మళ్లీ మీ పేపర్నే సూపిచ్చి నమ్మమంటే ఎట్ల నమ్ముతాడు?"

ఇది ఇంగ్లిష్‌లో చెప్పమని అమెరికన్ అడిగాడు. చెప్పాను. సొహార్ దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత రోడ్డు కొండల మధ్య వాదీలోంచి, అంటే ఎండిన ఏటి లోయలోంచి, సాగింది. చెక్‌పోస్టు దగ్గర కార్డులు చూపించినప్పుడు పోలీసు అమెరికన్‌ను చూసి ఏం పని అని అడిగాడు. "ఫుట్‌బాల్" అన్నాడతను. ఆ మాట ఆ గొంతులో ఇంకెన్ని రోజులు వినబడుతుందో అనిపించింది నాకు.

ముదీర్ అరవై దాటిన ఒమానీ. కాళ్లదాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, తల మీద కుట్టుపని ఉన్న కుమ్మా టోపీ. క్లబ్ గదిలో తివాచీ మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు ముందు పెట్టించాడు, కాఫీ పోయించాడు. హిందీ బాగా మాట్లాడతాడు. ప్రయాణం ఎలా సాగింది, మస్కట్‌లో ఎండలెలా ఉన్నాయి, మీ వాళ్లంతా బాగున్నారా అని వరసగా అడిగాడు. అవన్నీ అయ్యాకే పని మాట్లాడాలి. పద్దెనిమిదేళ్లున్న నాకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. కానీ రెండో కప్పు కాఫీ దగ్గరే ఓపిక పోయింది. భాయ్ ఒడిలోని సంచి లాక్కుని, బూటు తీసి, ఊడిన అడుగు ఆయనకు బాగా కనబడాలని పైకి తిప్పి, ఖర్జూరాల పళ్లెం పక్కన పెట్టాను.

కడప భాయ్ నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "సార్! అడుగు ఆయనపక్క పెట్టినారు. అదీ తిండికాడ!"

ఇంటికొచ్చినవాడు చెప్పు అడుగు ఎదుటివాడికి చూపించడం అక్కడ ఎంత తప్పో నాకు అప్పుడు గుర్తొచ్చింది. చప్పున బూటు తీసి వెనక దాచుకున్నాను.  ముదీర్ పళ్లెం నెమ్మదిగా తన వైపు జరుపుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మోకాలని రాసింది నువ్వేనా?"

"నేనే."

"బూటని రాసిందీ?"

"నేనే."

"నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి నా ఖర్జూరాల మీద బూటు పెట్టిందీ నువ్వే." ఆయన గడ్డం వణికింది. నవ్వు ఆపుకుంటున్నాడని అర్థమవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. "నేను చాలా ఏళ్లుగా పేపర్లు చదువుతున్నాను. రాసినవాడు ఎప్పుడూ నా గుమ్మం దాకా రాలేదు. కూర్చో. మూడో కప్పు తాగు. పేపరూ వద్దు, బూటూ వద్దు. నాలుగింటికి మా వాళ్లు రెండు జట్లుగా ఆడుతున్నారు. మోకాలు నేను అక్కడ చూస్తాను."

నాలుగింటికి నేను గట్టు మీద కూర్చున్నాను. పంపాల్సిన పేజీ లేదు, ల్యాప్‌టాప్ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి బంతిని వదిలేసి ఒక్క మనిషిని చూశాను. బంతి అతని దగ్గరికి వచ్చేముందే రెండుసార్లు తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకుంటున్నాడు. తనకు అందేలోపే ఎవరికివ్వాలో తేల్చుకుంటున్నాడు. పరిచయం లేని కుర్రాళ్లను చేతి సైగతో రెండడుగులు ఎడమకు, నాలుగడుగులు ముందుకు జరుపుతున్నాడు. అరగంటకల్లా వాళ్లు అతను చెయ్యి ఎత్తకముందే జరగడం మొదలుపెట్టారు. ఒక కుర్రాడు బంతి పోగొట్టుకుంటే, తిట్టకుండా ఆ ఖాళీలోకి తనే పరుగెత్తి నిలబడ్డాడు. రెండేళ్లు వారం వారం ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. నేను గోల్స్ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆలస్యంగానైనా చూడనిచ్చినందుకు ఆ సాయంత్రానికి రుణపడి ఉన్నాను.

కడప భాయ్ నా పక్కన గోళ్లు కొరుకుతున్నాడు. "బూటు పట్టుకున్యాది గదా సార్? కొత్తవే. అయినా నిన్న దారంతో ఒక కుట్టు ఎక్కువేసినా."

ఆట అయ్యాక ముదీర్ మైదానంలోకి నడిచాడు. మేం వెనకే వెళ్లాం. అమెరికన్ నేలమీద కూర్చుని ఆయాసపడుతున్నాడు. ముదీర్ వంగి, అతని కుడి మోకాలిమీద అరచెయ్యి పెట్టి, కాసేపు ఉంచాడు. ఎందుకో నాకు తెలియదు. వైద్యం తెలిసినవాడిలా మాత్రం లేదు.

"ఒక సీజన్" అన్నాడు. "ఒక్కటే. తర్వాత నేను కుర్రాళ్లను తీసుకుంటాను. ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత బాధపడొద్దు."

అమెరికన్ తలెత్తాడు. "ఒక్కటే కావాలి. ముందే చెప్పడమే కావాలి."

ముదీర్‌కు ఆ మాట అంతుపట్టలేదు. నావైపు చూశాడు. ఈ మనిషి తన చివరి మ్యాచ్ చివరిదని తెలిసి ఆడాలనుకుంటున్నాడని, తొమ్మిది క్లబ్బుల్లో ఒక్కరూ అలా చెప్పలేదని నేను హిందీలో చెప్పాను. ఆయన అమెరికన్ వైపు తిరిగాడు.

"షెడ్యూల్ ఇంకా రాలేదు" అన్నాడు. "రాగానే చివరి మ్యాచ్ తారీఖు నేనే ఫోన్ చేసి చెప్తాను. మీ అమ్మను పిలిపించుకో. ఆమె మా ఇంట్లో ఉంటుంది, మా ఆడవాళ్లతో."

అమెరికన్ తల వంచుకుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు విప్పాడు. ముదీర్ అటు తిరిగి కుర్రాళ్లను బంతులు ఏరమని కేకేశాడు. ఆ క్లబ్ సామాను చూసుకునే బెంగాలీ మనిషి గంప పట్టుకుని వచ్చి, కొత్త ఆటగాడి బూట్ల కోసం చెయ్యి చాపాడు. కడప భాయ్ అతనికి అడ్డం వెళ్లి, బూట్లు రెండూ అందుకుని, మట్టి దులిపి చంకలో పెట్టుకున్నాడు.

"ఇంగా మా సీజన్ అయిపోలే భాయ్" అన్నాడు హిందీలో. నా వైపు తిరిగి తెలుగులో, "మా క్లబ్బుకు ఇంగా రెండు మ్యాచ్‌లుండాయి సార్. అందాక ఇది నా డ్యూటీనే" అన్నాడు.